దిగాక మొదలయ్యే కొండ

ఏ కొండైనా మనిషిని ముందే పరీక్షిస్తుంది. ఓపిక చాలనివాణ్ని సగం దారిలోనే వెనక్కి పంపేస్తుంది. వెనక్కి రావడమంటే దిగడమే గనక ఎలాగో ఇల్లు చేరతాడు. అమెరికాలో అరిజోనా ఎడారి పీఠభూమిని చీల్చుకుని పడి ఉన్న గ్రాండ్ కాన్యన్‌ది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. అది మొదట్లో ఏమీ అడగదు. తెల్లవారుజాము చలిగాలిలో, పైన్ చెట్ల వాసన ఇంకా ముక్కును వదలకముందే, కాళ్ళను వాలులోకి లాక్కుంటుంది. మలుపుకో రంగు చూపిస్తూ, అలుపన్నది తెలియనివ్వకుండా, కిందికి, ఇంకా కిందికి పిలుచుకుపోతుంది. లెక్క తేల్చేది అడుక్కి చేరాక. అప్పటికి పొద్దు నడినెత్తికొస్తుంది, నీళ్ళు సగమైపోతాయి, ఎక్కాల్సిన కొండ మొత్తం తలపైన నిలబడి ఉంటుంది.

అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి, మోకాళ్ళ పర్వతం దగ్గర గోవిందనామంతో పాటు ఆయాసం కూడా గొంతులోకి తెచ్చుకున్నవారు దాన్ని ఒక్కసారి తలకిందులుగా ఊహించుకోండి. ముందు తిరుమల నుంచి దిగడం, ఎండ ముదిరాక తిరిగి ఎక్కడం. ఎత్తు దాదాపు రెట్టింపు, దూరం ఒకటిన్నర రెట్లకు పైనే. నెత్తిన రేకుల నీడ లేదు, దారిపక్కన మజ్జిగ అమ్మేవాళ్ళు లేరు.

కొలరాడో నది 446 కిలోమీటర్ల పొడవునా తొలిచిన లోయ ఇది. వెడల్పు ఒకచోట 29 కిలోమీటర్లు, లోతు కిలోమీటరున్నర పైమాటే. నది ఈ పనికి పూనుకుని 50, 60 లక్షల ఏళ్ళయిందని భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అంచనా. దక్షిణపు అంచు నుంచి, అంటే సౌత్ రిమ్ నుంచి, నదికి దిగే దారుల్లో రెండు బాగా ప్రసిద్ధం. సౌత్ కైబాబ్ దారి కొండ వెన్ను మీదుగా పోతుంది. బ్రైట్ ఏంజెల్ దారి ఒక పక్కలోయ పొట్టలోంచి పోతుంది. మొదటిదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కితే మొత్తం 27 కిలోమీటర్లకు కాస్త తక్కువ. కాగితం మీద చూస్తే ఒక్కరోజు పనే అనిపిస్తుంది. పార్కు సిబ్బంది మాత్రం నదికి దిగి అదే రోజు తిరిగి ఎక్కే ఊసే వద్దంటారు, మే నుంచి సెప్టెంబరు దాకా మరీ గట్టిగా. ఏటా 250 మందికి పైగా ఈ లోయలోంచి ఎవరో ఒకరు కాపాడితే బయటపడుతున్నవాళ్ళే. అక్కడ చాలాకాలంగా వాడుతున్న ఒక హెచ్చరిక బొమ్మలో ముసలివాళ్ళు కనిపించరు. కండలు తిరిగిన కుర్రాడొకడు ఎండకు కమిలి, మోకాళ్ళ మీద కూలబడి వాంతి చేసుకుంటుంటాడు. ఎవరిని ఉద్దేశించి వేశారో చూడగానే తెలిసిపోతుంది.

కాబట్టి ఈ నడకకు పథకం చివరి నుంచి మొదటికి వేసుకోవాలి. ఎక్కే దారి ముందు, అడుగున బస తర్వాత, దిగే దారి అన్నిటికన్నా చివర.

ఎక్కే దారి బ్రైట్ ఏంజెల్. నది ఒడ్డు నుంచి అంచుదాకా 15 కిలోమీటర్ల పైచిలుకు, 1,300 మీటర్లకు మించిన ఎత్తు. అసలు ఇక్కడ దారంటూ ఉండటమే ఒక వింత. కాన్యన్ గోడలో రెడ్‌వాల్ అనే సున్నపురాయి పొర ఉంది. వయసు 34 కోట్ల ఏళ్ళు. 150 మీటర్లకు తగ్గని నిట్టనిలువు గోడ, కిలోమీటర్ల తరబడి సందివ్వకుండా సాగుతుంది. దాన్ని దాటలేక వెనుదిరిగిన అన్వేషకులు చాలామంది. అయితే భూమి ఎప్పుడో ఇక్కడ పగిలింది. ఆ పగులు వెంట రాళ్ళు నలిగి, గోడ కూలి, వాలు ఏర్పడింది. దారి నిలబడి ఉన్నది ఆ శిథిలం మీదే. నడుస్తూ రెండువైపులా చూస్తే, ఎడమనున్న పొరకూ కుడినున్న అదే పొరకూ ఎత్తు కలవదు. భూమి ఎంత జరిగిందో కంటితోనే కొలుచుకోవచ్చు.

ఆ పగులునే నమ్ముకుని ముందు జంతువులు దిగాయి, వాటి వెనక ఇక్కడి ఆదివాసులైన హవాసుపాయి జాతివాళ్ళు దిగారు. రాల్ఫ్ కామెరాన్ అనే ఆయన ఆ కాలిబాటనే బాగుచేసి, 1903 నుంచి మనిషికో డాలరు చొప్పున సుంకం వసూలు చేశాడు. ఆయన తర్వాత సెనేటర్ కూడా అయ్యాడు. అది వేరే కథ, కానీ మనం దిగబోయే దారి పుట్టడానికి కారణం ఆ డాలరే. అక్కడికి తర్వాత వద్దాం.

ఎండిన నేలలో నీళ్ళెక్కడుంటాయో చెప్పేది రాయి. పీఠభూమి మీద కురిసిన వానా, కరిగిన మంచూ సున్నపురాళ్ళ నెరెల్లోంచి వందల మీటర్లు కిందికి ఇంకిపోతాయి. ఇంకుతూ ఇంకుతూ ఒకచోట బ్రైట్ ఏంజెల్ షేల్ పొర తగులుతుంది. సముద్రపు అడుగు బురద గట్టిపడి తయారైన రాయది. నీటిని దిగనివ్వదు. కిందికి దారిలేని నీరు పక్కకు తిరిగి ఊటై పైకొస్తుంది. ఎర్రటి ఎండలో నడిచి నడిచి ఒక మలుపు తిరిగేసరికి నిజమైన ఆకుపచ్చ రంగు, కాటన్‌వుడ్ చెట్ల గలగల, వాటి మొదళ్ళలో వాగు. ఆ చోటు పేరు హవాసుపాయి గార్డెన్స్. అంచుకు 7 కిలోమీటర్ల కింద ఉంటుంది. ఆ జాతివాళ్ళు మొక్కజొన్నా గుమ్మడీ పండించుకున్న నేల. పార్కు వచ్చాక వాళ్ళను వెళ్ళగొట్టారు. చివరివాడైన కెప్టెన్ బురో 1928లో ఇల్లు వదిలాడు. దశాబ్దాల పాటు ఆ చోటును ఇండియన్ గార్డెన్ అని పిలిచి, 2022లో గానీ వాళ్ళ పేరు వాళ్ళకివ్వలేదు. చెట్టు నీడన కూచుని సీసా నింపుకునే ప్రతివాడూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

పథకం వేసేవాడికి ఈ ఊటే ఇరుసు. ఎక్కే పదిహేను కిలోమీటర్లను రెండుగా విరిచేది ఇదే. ఇక్కడి శిబిరంలో ఒక రాత్రికి పర్మిట్ దొరికితే అంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. దొరక్కపోతే, చీకటితో నది ఒడ్డు వదిలి, ఎండ కాన్యన్‌లోకి దిగేలోపు ఇక్కడికి చేరాలి. పగలు పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడలో కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఆపైన, పొద్దు గోడల వెనక్కి పోయాక, మిగిలింది ఎక్కాలి.

ఈ దారిలో మరో మూడు చోట్ల ఆగమంటాను. మొదటిది నదిని వదిలిన కాసేపటికే వచ్చే డెవిల్స్ కార్క్‌స్క్రూ, నల్లరాతి మీద మెలికలు తిరిగిన ఎక్కుడు. రెండోది గార్డెన్స్‌కు కాస్త కింద, వాగు ఒరుసుకున్న ఇరుకైన సందు. అక్కడ గోధుమరంగు ఇసుకరాయి అట్టలు అట్టలుగా పడుకుని ఉంటుంది. దాని పేరు టేపీట్స్, వయసు 50 కోట్ల ఏళ్ళ పైన. దానికి ఆనుకుని కిందున్న నల్లరాయి వయసు 175 కోట్ల ఏళ్ళు. రెంటి నడుమ ఒక గీత. ఆ గీతలో 120 కోట్ల ఏళ్ళ చరిత్ర కొట్టుకుపోయింది. వేలు పెట్టి తాకొచ్చు. మన తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కూడా ఇలాంటి గీతే ఉంది. కింద ఆదికాలపు గ్రానైట్, పైన కడప శిలల తరగతికి చెందిన క్వార్ట్‌జైట్. జాతీయ భూగర్భ స్మారకమని బోర్డు కూడా పెట్టారు. బస్సు కిటికీలోంచి దాన్ని చూసినవాళ్ళు లక్షల్లో ఉంటారు, చూశామని తెలిసినవాళ్ళు ఎందరో మరి.

మూడోది రెడ్‌వాల్ మెలికలు దాటాక వచ్చే ఎర్రరాళ్ళ మేర. విద్యార్థులతో నడిచి వెళ్తున్న ఒక ఆచార్యుడు 2016లో అక్కడ దారి పక్కన పడి ఉన్న బండ మీద గుంటలు చూశాడు. పరిశోధించి చూస్తే, ఇసుకదిబ్బ వాలు మీద రెండు జంతువులు వేర్వేరుగా నడిచిన అడుగుజాడలవి. వయసు 31 కోట్ల 30 లక్షల ఏళ్ళు. గట్టు మీంచి విరిగి పడిన ఆ బండను పక్కనుంచే దాటిపోయినవాళ్ళకు లెక్కే లేదు. ఆయాసంతో తలవంచుకుని ఎక్కేవాడికి ఈ దారి చూపించే వింతలన్నీ కాళ్ళ దగ్గరే ఉంటాయి.

ఇక వేడి సంగతి. ఎత్తునుంచి దిగే పొడిగాలి నొక్కుకుపోతూ వేడెక్కుతుంది. కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీలు. జులైలో అంచు మీద పగటి వేడి సగటున 29 డిగ్రీలుంటే, నది దగ్గర 41. అది నీడలో కొలిచిన మాట. ఎండలో రాయి అందుకునే వేడి వేరు. పొద్దు వాలాక కూడా అడుగునున్న నల్లరాయి ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. పైన శాలువా కప్పుకున్న మనిషి కింద తడిగుడ్డ కప్పుకోవాలి. ఒకే రోజు, ఒకే నడక.

వేడి అనగానే నీళ్ళు తాగమంటారు. తాగాలి. కానీ ఈ ఎడారి నేర్పిన మరో పాఠం ఉంది, నీళ్ళు మాత్రమే తాగినవాడూ పడిపోతాడు. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. పోయిన ఉప్పును భర్తీ చేయకుండా లీటర్లకు లీటర్లు నీళ్ళు పోస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది. వడదెబ్బేననుకుని ఇంకా నీళ్ళు తాగిస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే గుక్కగుక్కకూ ఏదో ఒకటి ఉప్పగా నమలాలి. ఈ విషయంలో ఖరీదైన జెల్ ప్యాకెట్లకన్నా మన ఇళ్ళ సంచీకే నా ఓటు. ఉప్పు పల్లీలు, జంతికలు, కారప్పూస, మొదటి పూటకు కాస్త ఉప్పు ఎక్కువ వేసిన పులిహోర. తీపి తింటే ఆకలి చచ్చిపోయే ఎండలో పులుపూ ఉప్పూ లోపలికి దిగుతాయి.

కుళాయిల మీద మరీ భరోసా వద్దు. దారిలో ఉన్న విశ్రాంతి గృహాలకూ, సౌత్ రిమ్ హోటళ్ళకూ నీరొచ్చేది అవతలి గట్టు నుంచి. ఉత్తరాన రోరింగ్ స్ప్రింగ్స్ అనే జలధార నుంచి 20 కిలోమీటర్ల గొట్టం లోయకు అడ్డంగా దిగి, వంతెన మీద నదిని దాటి వస్తుంది. 1960ల్లో మొదలుపెట్టి వేసిన గొట్టం. 2010 తర్వాత పెద్ద పగుళ్ళే 85కు పైగా పడ్డాయి. కొత్తది వేసే పని సాగుతోంది. దాంతో దారులు మూయడం, తెరవడం మామూలైంది. చలికాలంలో గడ్డకడుతుందని పై కుళాయిలు ఎలాగూ కట్టేస్తారు. బయల్దేరే ముందురోజు పార్కు కార్యాలయంలో ఏ కుళాయి పనిచేస్తోందో అడగడం, వాగునీరు వడగట్టుకునే ఫిల్టరు ఒకటి సంచిలో పడేసుకోవడం, ఈ రెండూ తప్పవు.

అడుగున ఒక రాత్రి, వీలైతే రెండు. బ్రైట్ ఏంజెల్ వాగు కొలరాడోలో కలిసేచోట శిబిరం, దానికి కాస్త ఎగువన ఫాంటమ్ రాంచ్. వాస్తుశిల్పి మేరీ కోల్టర్ రూపకల్పనలో 1922లో వెలిసిన రాతి కుటీరాలవి. ఇక్కడికి మోటారు రోడ్డు లేదు. దాదాపు ప్రతి సరుకూ కంచరగాడిద వీపు మీదే దిగుతుంది. ఇక్కణ్ణుంచి ఉత్తరం రాస్తే అదీ కంచరగాడిద మీదే ఎక్కుతుంది, ఆ సంగతి చెప్పే ముద్రతో. కుటీరంలో మంచానికి ఏడాదికి పైగా ముందే లాటరీ. శిబిరంలో గుడారం వేసుకునే చోటుకూ పర్మిట్ కావాలి. నెలల ముందు దరఖాస్తు పెట్టి, అదృష్టం ఉంటే అందుకోవాలి.

నది పిలుస్తుంది. దిగకండి. ఎగువన 1963 నుంచి గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఉంది. జలాశయం లోతుల్లోంచి వదిలే ఆ నీరు మండువేసవిలో కూడా ఎముకలు కొరుకుతుంది, వడి కూడా ఎక్కువ. ఒంటివేడి చల్లార్చుకోవడానికి పక్కన మోకాలి లోతు వాగు ఉంది. చొక్కాతో సహా అందులో కూర్చోవడం ఇక్కడి ఆచారం. సంచిని మాత్రం వదలొద్దు. రింగ్‌టెయిల్ అనే నల్లతెల్ల చారల తోక జంతువు రాత్రిళ్ళు తిరుగుతుంది. తినేదంతా ఇనప పెట్టెల్లో పెట్టి మూత బిగించాలి. పగలు కాకోల జాతి పక్షుల వంతు. ముక్కుతో జిప్పు కొస పట్టుకుని లాగి, సంచి తెరిచి, నచ్చింది ఎంచుకుని పోతాయి. జిప్పు రెండు కొసలూ కలిపి ముడేసినవాడే వాటి సంగతి తెలిసినవాడు.

రాత్రికి ఆనుకుని పడుకునే ఆ నల్లరాయి పేరు విష్ణు షిస్ట్. కర్రబొగ్గు నలుపులో అభ్రకపు మెరుపు, మధ్యమధ్య లేతగులాబీ రంగు గ్రానైట్ పాయలు. అగ్నిపర్వతాల బూడిదా సముద్రపు మడ్డీ భూగర్భంలో కిలోమీటర్ల లోతున ఉడికి, మడతపడి, ఇలా తేలింది. తలెత్తితే పైన విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్, రామ, కృష్ణ ష్రైన్‌లు. ఇవన్నీ శిఖరాల పేర్లు. 1880ల్లో ఈ ప్రాంతాన్ని సర్వే చేసిన క్లారెన్స్ డట్టన్ ఈ శిఖరాలు గుళ్ళూ గోపురాలను తలపిస్తున్నాయని పెట్టిన ఒరవడి ఇది. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ దాన్నే కొనసాగించారు. హవాసుపాయిలను అడిగి ఉంటే వాళ్ళ పేర్లు వాళ్ళకున్నాయి. ఇంత దూరం వచ్చి ఎడారి నడిబొడ్డున మన దేవుళ్ళ పేర్లు వింటే పులకించే తెలుగువాణ్ని తప్పుపట్టలేను గానీ, ఆ రెండో మాట కూడా గుర్తుండాలి.

ఇప్పటికి గానీ దిగే దారి ప్రస్తావన రాదు. బ్రైట్ ఏంజెల్ మీద కామెరాన్ సుంకం పీడ వదలక, పార్కు వాళ్ళు 1925 నాటికి సొంతంగా కట్టుకున్న దారి సౌత్ కైబాబ్. పక్కలోయలను వెతుక్కోలేదు, కొండ వెన్నును పట్టుకున్నారు. దానివల్ల రెండు జరిగాయి. కాన్యన్ రెండువైపులా తెరుచుకుని, గాలిలో నడుస్తున్నామనిపిస్తుంది. నీడ, నీరు మాత్రం ఈ దారికి ఎప్పటికీ దక్కలేదు. దిగేటప్పుడు సుగుణమైంది ఎక్కేటప్పుడు శాపం. అందుకే ఈ చుట్టును అటుదిటు చేసి, కైబాబ్ మీద ఎక్కుదామనే పథకం ఎవరు చెప్పినా వినకండి.

11 కిలోమీటర్లలో 1,450 మీటర్లకు పైగా దిగుడు. ఊపిరికి సులువే, మోకాళ్ళకు కాదు. దారి కోసుకుపోకుండా అడ్డంగా దుంగలు వేశారు. కంచరగాడిదల డెక్కలకు దుంగల మధ్య మట్టి లేచిపోయి, ప్రతి అడుగూ ఒక చిన్న గెంతవుతుంది. నాలుగైదు వందల గెంతుల తర్వాత తొడ కండరాలు వాటంతటవే వణుకుతాయి. రెండు ఊతకర్రలుంటే ఆ బరువు భుజాలు పంచుకుంటాయి. బూట్ల ముందుభాగంలో బొటనవేలికి అరంగుళం చోటుండాలి, గోళ్ళు ముందురోజే కత్తిరించుకోవాలి. లేకపోతే అడుక్కి చేరేసరికి గోరు నల్లబడుతుంది, పైకొచ్చాక ఊడుతుంది. కంచరగాడిదల వరుస ఎదురైతే కొండవైపు ఒదిగి, వాటిని తోలే మనిషి చెప్పినట్టు, కదలకుండా నిలబడాలి.

మొదట్లో తెల్లని కైబాబ్ సున్నపురాయి, 27 కోట్ల ఏళ్ళనాటి సముద్రం. దాని కింద కోకొనీనో ఇసుకరాయి. అది ఒకప్పటి ఎడారి. దగ్గరగా వెళ్ళి చూడండి, గోడ నిండా ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి. గాలి ఇసుకదిబ్బను తోసినప్పుడు రేణువులు జారి పడిన వాలు అది. ఆ గీత ఎటు వంగితే ఆనాటి గాలి అటు వీచినట్టు. ఆపైన ఎర్రమట్టి వాలు, సీడర్ రిడ్జ్. మంచి వెలుగులో అక్కడ ఆగి ఆకాశం కేసి చూస్తే కాలిఫోర్నియా కాండర్ కనిపించొచ్చు. రెక్కలు చాపితే తొమ్మిది అడుగులు దాటే రాబందు. 1982లో ప్రపంచం మొత్తంలో మిగిలినవి 22. పెంచి, 1996 నుంచి అరిజోనాలో వదులుతూ వచ్చారు. రెక్కకు కట్టిన నంబరు బిళ్ళ కింది నుంచే చదవొచ్చు.

స్కెలిటన్ పాయింట్ దగ్గర నది మొదటిసారి కనిపిస్తుంది, సన్నగా. ఒక్కపూటకు వచ్చినవాళ్ళు అక్కడే వెనక్కి తిరగాలి. వేసవైతే సీడర్ రిడ్జ్ దగ్గరే. పర్మిట్ ఉన్నవాళ్ళు రెడ్‌వాల్ మెలికలు దిగి, టిప్‌ఆఫ్ అనే చోటు దాటి, చివరికి ఒక చీకటి సొరంగంలోంచి బ్లాక్ బ్రిడ్జి మీదికి వస్తారు. 1928లో ఆ వంతెన కట్టినప్పుడు టన్ను బరువు మోకులను కంచరగాడిదలు మోయలేకపోయాయి. 42 మంది హవాసుపాయి మనుషులు వరుసగా నిలబడి, ఒక్కో మోకునూ భుజాల మీదేసుకుని, ఇదే దారిలో, ఇవే మలుపుల్లో కిందికి మోసుకొచ్చారు.

నెల ఎంచుకోవడం ఒకటి మిగిలింది. అక్టోబరు మంచిది, ఏప్రిల్ రెండో మాట. జులై, ఆగస్టుల్లో వేడికి తోడు ఉరుముల వానలు. ఎక్కడో కురిసిన వాన పక్కలోయలోంచి గోడలా విరుచుకుపడుతుంది. జనవరిలో దారి మొదటి మెలికలు మంచు గడ్డకట్టి ఉంటాయి, బూట్లకు ముళ్ళపట్టీలు కావాలి. సౌత్ కైబాబ్ మొదటి మెట్టు దాకా సొంత కారు పోనివ్వరు, తెల్లవారుజామున పార్కు వాళ్ళ షటిల్ బస్సు ఉంటుంది. అది ఎక్కేముందే సీసాలన్నీ నింపుకోండి. అక్కణ్ణుంచి నది దాకా దారిలో ఒక్క చుక్క దొరకదు.